అద్దె ఇంటికి బీమా – మూడవ పాఠం: ఎంత మొత్తానికి చేయించాలి?

అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం వంటి వాటిలో ఏవేవి పాలసీ పరిధిలోకి వస్తాయో కిందటి పాఠంలో చూశాము. ప్రీమియం తగ్గించుకునే పద్ధతి ఈ పాఠంలో నేర్చుకుందాము. చాలామంది యజమానులు రక్షణలో కోత పెట్టి ఖర్చు తగ్గించుకోవాలని చూస్తారు కాని, అనవసరపు ఖర్చు ఎక్కువగా వచ్చేది బీమా మొత్తాన్ని తప్పుగా లెక్కగట్టడం వల్లనే.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి నివాస గృహాలకు ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీని అమలులోకి తెచ్చింది. మూల నిబంధనలు అన్ని కంపెనీలకూ ఒకటే కనుక, ఒకే బీమా మొత్తానికి ఎవరు ఎంత అడుగుతున్నారో పోల్చడం తేలిక. ఈ పాలసీలో భవనం బీమా మొత్తమంటే ఇంటి అమ్మకపు ధర కాదు. కార్పెట్ ఏరియాను, అంటే బయటి గోడలను వదిలేసి ఇంటి లోపల వాడుకోగల నేల విస్తీర్ణాన్ని, ఆ ప్రాంతపు నిర్మాణ వ్యయంతో గుణిస్తే వచ్చే మొత్తం. విజయవాడలో 1,000 చదరపు అడుగుల కార్పెట్ ఏరియా గల ఫ్లాటు మార్కెట్లో 70 లక్షల రూపాయలు పలుకుతోందని, చదరపు అడుగు నిర్మాణానికి 2,200 రూపాయలు అవుతుందని అనుకుందాము. అప్పుడు బీమా చేయించవలసింది 22 లక్షలకే. తక్కిన 48 లక్షలలో అధిక భాగం స్థలం విలువ. స్థలం కాలిపోదు, దానికి ప్రీమియం కట్టి ప్రయోజనం లేదు. 70 లక్షలకు బీమా చేయించినా, ఇల్లు పూర్తిగా దెబ్బతిన్నప్పుడు చేతికి వచ్చేది తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చే.

అలాగని విస్తీర్ణాన్ని తగ్గించి చెప్పడం తెలివైన పని కాదు. ఈ పాలసీలో, బీమా మొత్తం ఉండవలసినదానికన్నా తక్కువగా ఉందన్న కారణంగా క్లెయిం మొత్తంలో కోత విధించరు. అయితే మీరిచ్చిన వివరాలు సరైనవై ఉండాలి.

ఇంటి సామగ్రి విషయంలో అద్దె ఇంటి యజమానికి కొంత ఆదా అవకాశముంది. భవనంతో పాటు సామగ్రికీ బీమా తీసుకుంటే, జాబితా ఇవ్వకపోయినా భవనం మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు, రక్షణ లభిస్తుంది. పై ఉదాహరణలో అది 4.4 లక్షలు. ఖాళీ ఇంటినే అద్దెకిచ్చినవారు భవనానికి మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. కిరాయిదారు టీవీ, బీరువా, బట్టలు మీ పాలసీలోకి రావు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ ఇళ్లలోకి చేరినట్టు నీరు వస్తే వారి నష్టం వారిదే. తమ సామగ్రికి వారు విడిగా బీమా తీసుకోవచ్చునని అద్దె ఒప్పందం రాసుకునేటప్పుడే చెప్పడం మర్యాద.

బీమా వర్తించే ప్రమాదం వల్ల ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోతే, కోల్పోయిన అద్దెకు కూడా ఈ పాలసీలో రక్షణ ఉంది. కిరాయిదారు అద్దె ఎగ్గొట్టినా, ఇల్లు ఖాళీగా ఉండిపోయినా అది వర్తించదు. ఇంట్లో దుకాణమో హాస్టలో నడుస్తుంటే ఆ విషయాన్ని కంపెనీకి ముందే తెలియజేయాలి. ఇది నివాసానికి ఉద్దేశించిన పాలసీ.

గృహరుణం ఉన్నవారు, ముఖ్యంగా విదేశాలలో ఉంటూ ఇక్కడి ఫ్లాటును అద్దెకిచ్చినవారు, కొత్త పాలసీ కొనేముందు పాత కాగితాలు తీసి చూడాలి. బ్యాంకు ఇప్పించినది రుణగ్రహీత ప్రాణానికి సంబంధించిన బీమా అయితే భవనానికి రక్షణ లేనట్టే. భవన బీమాయే అయితే దాని గడువు, బీమా మొత్తం చూసుకున్న తరువాతే మరొకటి కొనాలి. అపార్టుమెంటు సంఘం పాలసీ ఉంటే, అది ఉమ్మడి భాగాలకేనా, ఫ్లాట్లకు కూడానా అన్నది కార్యదర్శిని అడిగి తెలుసుకోవాలి.

అభ్యాసం: మీ దస్తావేజులో ఉన్నది కార్పెట్ ఏరియానా, బయటి గోడలనూ ఉమ్మడి స్థలాన్నీ కలిపిన విస్తీర్ణమా చూడండి. స్థానిక ఇంజనీరును అడిగి నిర్మాణ రేటు రాసుకొని, బీమా మొత్తాన్ని లెక్కకట్టండి. అదే మొత్తానికి మూడు కంపెనీల నుంచి, ఏడాదికి ఒకటి, దీర్ఘకాలానికి ఒకటి చొప్పున ధరలు తెప్పించుకోండి. ఈ పాలసీని పదేళ్ల వరకు తీసుకోవచ్చు. దీర్ఘకాలిక పాలసీలో భవనం బీమా మొత్తం ఏటా 10 శాతం దానంతట అదే పెరుగుతుంది. ఆ ధరల పత్రాలను చదివే పద్ధతి నాలుగవ పాఠంలో.