అవిలాపురి తెరేసమ్మ రచనలను చదవడం ఎలా?

పదహారవ శతాబ్దపు స్పెయిన్ కన్యస్త్రీ, ప్రార్థనా గురువు అయిన పునీత అవిలాపురి తెరేసమ్మను చదవాలనుకునేవారు సాధారణంగా ఆమె 1577లో రాసిన ‘అంతరంగ దుర్గం’తోనే మొదలుపెడతారు. ఆత్మను వజ్రపు కోటగా, అందులోని ఏడు నివాసాలుగా వర్ణించిన ఆ గ్రంథం ఆమె పరిణత అనుభవ ఫలం కనుక, దానిని చివరికి ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

ముందుగా ‘పరిపూర్ణతా మార్గం’ తీసుకోండి. 1562లో అవిలాలో తాను స్థాపించిన పునీత యోసేపు మఠంలోని కన్యస్త్రీలకు ప్రార్థన నేర్పడానికి ఆమె దీనిని రాశారు. ఇందులోని చివరి అధ్యాయాలు, యేసు తన శిష్యులకు నేర్పిన పరలోక జపాన్ని వాక్యం వెంట వాక్యంగా వివరిస్తాయి. రోజుకు ఆ జపంలోని ఒక్క మనవి గురించి మాత్రమే చదివి, పుస్తకం మూసి, ఆ మాటనే నెమ్మదిగా జపించండి.

తరువాత ‘స్వీయచరిత్ర’లో 11 నుండి 22 వరకు గల అధ్యాయాలు చదవండి. ఆమె పొందిన దర్శనాల వర్ణన కోసం తరువాతి అధ్యాయాలకు దూకవద్దు. ప్రార్థనను ఆమె తోటకు నీరు పెట్టడంతో పోల్చారు: మొదట బావిలోంచి చేదతో తోడడం, ఆపై నీటిచక్రం తిప్పడం, పిదప ఏటి నీరు పారడం, చివరికి మనిషి శ్రమ లేకుండానే వాన కురవడం. ఎండాకాలంలో బావి నీళ్లు తోడి మొక్కలకు పోసినవారికి ఈ భాగానికి వ్యాఖ్యానం అక్కరలేదు. బావి ఎండిపోయినా తోటమాలి తన పని మానకూడదని, నీరు లేకుండానే పూలను బతికించగలవాడు దేవుడని ఆమె చెప్పే మాట, ప్రార్థనలో మనసు నిలవక బాధపడేవారికి ఎంతో ఊరట.

‘నేను చదువురాని స్త్రీని’ అన్న ధోరణి ఆమె రచనలలో తరచూ కనిపిస్తుంది. దానిని ఉన్నదున్నట్టు తీసుకోకండి. 1559లో స్పెయిన్ మతవిచారణాధికారులు (శ్రీసభ బోధకు విరుద్ధమైన వాటిని విచారించి శిక్షించేవారు) స్పానిష్ భాషలోని అనేక భక్తి గ్రంథాలను నిషేధించారు. ఆ కాలంలో ఒక స్త్రీ ప్రార్థన గురించి బోధించాలంటే అంతటి జాగ్రత్త అవసరమైంది. ఆమెనే 1970లో ఆరవ పౌలు పోపుగారు శ్రీసభ పండితురాలిగా (విశ్వాసులందరికీ మార్గదర్శకమైన బోధ చేసిన పునీతులకిచ్చే బిరుదు) ప్రకటించారు; ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమె.

ఇక ‘అంతరంగ దుర్గం’ తెరవవచ్చు. అయిదవ నివాసంలో మల్బరీ ఆకు తిని గూడు కట్టుకున్న పట్టుపురుగు, ఆ గూటిలో మరణించి తెల్లని సీతాకోకచిలుకగా వెలువడుతుంది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు ఎరిగినవారు ఇక్కడ కాసేపు ఆగుతారు. ఏడవ నివాసం చేరాక, దేవునితో ఆత్మ పొందే ఆ ఐక్యమంతా సత్క్రియలు పుట్టడానికేనని ఆమె అంటారు. ఆ మాట ఆచరణలో ఎలా ఉంటుందో తెలియాలంటే, మఠాల స్థాపన గురించి ఆమె రాసిన గ్రంథంలో అయిదవ అధ్యాయం చదవండి. విధేయత మిమ్మల్ని వంటింటికి పంపితే, ప్రభువు అక్కడ వంటపాత్రల మధ్యనే ఉన్నాడని ఆమె తన కన్యస్త్రీలకు చెబుతారు.