కొత్త బియ్యం, కొంబు, మిసో: ఓరుగల్లు వంటింట్లో జపాన్ ఇంటి భోజనం

జపాన్ వంట అంటే చాలామందికి పచ్చి చేప, సుషీ. అక్కడి ఇళ్లలో రోజూ తినేది మాత్రం అన్నం, ఒక గిన్నె సూపు, ఒకటి రెండు కూరలు, కాస్త ఊరబెట్టిన ముక్క. మన అన్నం, చారు, కూర, తొక్కు వరసే. హన్మకొండలోనో హుజూరాబాద్‌లోనో ఉండే మామూలు వంటింట్లో మొదలుపెట్టడానికి కొత్త గిన్నెలేవీ అక్కర్లేదు. చిక్కల్లా ఏమిటంటే, చెయ్యి అలవాటుగా పోపుడబ్బా వైపు, అల్లం ఎల్లిగడ్డ వైపు పోతుంది. అవి పడితే మిగతా రుచులేవీ నాలుకకు తెలియవు.

కొనాల్సినవి మూడే

సోయా సాస్, మిసో, కొంబు. ఫాస్ట్‌ఫుడ్ బండి మీద కనిపించే నల్లటి సాస్ పనికిరాదు. రంగు కోసం అందులో క్యారమెల్ కలుపుతారు, కూర నల్లబడి రుచి మంచూరియా దారి పడుతుంది. సీసా వెనక సోయా గింజలు, గోధుమ, ఉప్పు, నీళ్లు అని ఉండి, పులియబెట్టి చేసిందని రాసి ఉంటే తీసుకోండి.

మిసో అంటే ఉడికించిన సోయా గింజల్లో ఉప్పు, బియ్యం మీద పెంచిన కోజీ అనే బూజు కలిపి పులియబెట్టిన ముద్ద. మొదటిసారికి తెల్లది మేలు, కాస్త తియ్యగా ఉంటుంది. ఎర్రది ఎక్కువ కాలం ఊరింది, ఉప్పూ ఘాటూ ఎక్కువ. కొంబు ఎండబెట్టిన సముద్రపు నాచు పట్టీ. ఈ రెండింటి కోసం కిరాణా కొట్లన్నీ తిరిగే బదులు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం నయం. శాకాహారులు పొట్లం వెనక తప్పకుండా చదవాలి. దాషీ (సూపుకూ కూరలకూ మూలమైన రసం) పొడి అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం చేప కలిసినవే, కొన్ని మిసోల్లో కూడా కలుపుతారు.

వంటకాల్లో మిరిన్ అని కనిపిస్తే కంగారు పడొద్దు, అది తియ్యటి బియ్యపు సారా. చెంచాడు మిరిన్ బదులు చెంచాడు నీళ్లలో మూడో వంతు చక్కెర కలిపి పోస్తే ఇంటి వంటకు సరిపోతుంది.

అన్నం: ఇక్కడ కొత్త బియ్యమే మేలు

మనం పాత బియ్యానికి ఎక్కువ పెట్టి కొంటాం, పొడిపొడిగా అవుతుందని. జపాన్ అన్నం చాప్‌స్టిక్స్‌తో ముద్దగా లేవాలి, కాబట్టి లెక్క తిరగబడుతుంది. వాళ్ల పొట్టి గింజలో అమైలోజ్ అనే పిండిపదార్థం తక్కువ, అందుకే అంటుకుంటుంది. మన బీపీటీ, హెచ్ఎంటీ, వరంగల్ సన్నాలు అంత అంటుకోవు. కానీ వానాకాలం కోతలయ్యాక మార్కెట్‌కు వచ్చే కొత్త బియ్యం, మెత్తగా అవుతుందని ఇంట్లో విసుక్కునేదే, ఈ పనికి బాగా దగ్గరగా వస్తుంది.

బియ్యాన్ని మూడు నాలుగు నీళ్లలో మెల్లగా కడిగి అరగంట నానబెట్టి, పూర్తిగా వడకట్టండి. గింజ విరిగేలా పిసకొద్దు. కొత్త బియ్యమైతే గ్లాసుకు ఒకటింపావు గ్లాసు నీళ్లు, పాతదైతే గ్లాసున్నర. ఉప్పు, నూనె వద్దు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో మూత పెట్టి పెద్ద మంట మీద ఉడుకు రానిచ్చి, సిమ్‌లో 12 నిమిషాలు ఉంచి, పొయ్యి బంద్ చేసి ఇంకో 10 నిమిషాలు మూత తియ్యకుండా వదిలేయండి. గంజి మాత్రం వార్చొద్దు. గింజను గింజకు అతికించేది ఆ గంజే. అడుగున మెత్తగా, పైన పలుకుగా ఉందంటే మూత సందులోంచి ఆవిరి పోయినట్టు. మూత మీద రోకలి బండ పెడితే ఆగుతుంది.

ఓనిగిరి అనే అన్నం ముద్దలు చేయాలంటే అన్నం చెయ్యి కాలేంత వేడిగా ఉన్నప్పుడే కట్టాలి. ఉప్పునీళ్లతో అరచేతులు తడుపుకొని మూడు నాలుగు సార్లు ఒత్తితే చాలు, లడ్డూలా బిగిస్తే లోపల గట్టిపడుతుంది. మధ్యలో వాళ్లు ఉమెబోషి అనే పుల్లటి, ఉప్పటి ఊరబెట్టిన పండు పెడతారు. దానికి బదులు కారం లేని, ఉప్పులో ఊరిన ఉసిరికాయ ముక్క పెట్టండి, చక్కగా కుదురుతుంది. చల్లారిన మన బియ్యం విడిపోతుంది, ఫ్రిజ్‌లో పెడితే బిరుసెక్కుతుంది. ఎండాకాలంలో పొద్దున కట్టినవి మధ్యాహ్నం దాకా బయట ఉంచొద్దు.

దాషీ, ఆ తర్వాతే మిసో

పప్పుచారుకు పప్పుకట్టు ఎట్లాగో ఈ వంటకు దాషీ అట్లాగే. కొంబులోంచి దిగే ఆ రుచి గ్లుటమేట్ అనే పదార్థం వల్ల వస్తుందని 1908లో టోక్యోలో కికునాయె ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టి, దానికి ఉమామి అని పేరు పెట్టారు.

లీటరు నీళ్లకు 10 గ్రాముల కొంబు. పట్టీ మీద తెల్లటి పొడి ఉంటుంది, బూజనుకుని కడిగేయకండి, పొడి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. బోరు నీళ్లు వాడొద్దు. నీళ్లలో సున్నం ఎక్కువుంటే కొంబు రుచి సరిగా దిగదు. ఫిల్టర్ నీళ్లు పోయండి. అరగంట నానాక చిన్న మంట మీద పెట్టండి. గిన్నె అడుగున ఆవగింజంత బుడగలు వరసగా అంటుకుని, కొంబు అంచుల దగ్గర ఒకటి రెండు పైకి లేస్తుంటాయి. అప్పుడే పట్టీ తీసేయాలి. తెర్ల కాగిందంటే జిగురు దిగి, చేదు తగులుతుంది.

రుచి ఇంకా చిక్కగా కావాలి, చేప మాత్రం వద్దనుకుంటే, విడిగా నాలుగు ఎండు షిటాకే పుట్టగొడుగులను అర లీటరు చల్లటి నీళ్లలో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టి, ఆ నీళ్లు కలపండి. వేడినీళ్లలో తొందరగా నానబెడితే వాసన వస్తుంది, రుచి సగమే దిగుతుంది. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి గాని కొంబు జోలికి పోవద్దు, అందులో అయోడిన్ చాలా ఎక్కువ.

ఇద్దరికి 400 మిల్లీలీటర్ల దాషీ. లేత బీరకాయ చక్రాలు వేసి మెత్తబడనిచ్చి, తోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) ముక్కలు వేసి ఒక నిమిషం ఉంచి, పొయ్యి బంద్ చేయండి. ఇప్పుడు రెండు పెద్ద చెంచాల మిసోను చాయ్ జల్లెడలో పెట్టి, జల్లెడ అడుగు సూపులో మునిగేలా పట్టుకుని చెంచా వెనకతో రుద్దండి. నేరుగా వేస్తే ఉండలు అడుగున చేరి, ఒక గిన్నె చప్పగా, ఇంకోటి ఉప్పుకషాయంగా అవుతుంది. మిసో కలిపాక మరిగిస్తే వాసన ఎగిరిపోతుంది. పైన ఉల్లికాడలు చాలు. వేరే ఉప్పు వేసే ముందు రుచి చూడండి, చాలాసార్లు అవసరం రాదు.

మిసో డబ్బా ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే. డీప్ ఫ్రీజర్‌లో పెట్టినా ఉప్పు వల్ల రాయిలా గడ్డకట్టదు, చెంచాకు వస్తుంది. రంగు ముదిరితే చెడిపోయినట్టు కాదు.

రెండు కూరలు

సకినాల కోసం తెచ్చిన నువ్వులు మిగిలి ఉంటే గోమా ఆయె అనే నువ్వుల పాలకూర చేసుకోవచ్చు. మూడు పెద్ద చెంచాల నువ్వులు దోరగా వేయించి రోట్లో కచ్చాపచ్చాగా నూరండి. మిక్సీలో తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. రెండు చిన్న చెంచాల చక్కెర, ఒక పెద్ద చెంచా సోయా సాస్ కలపండి. పావుకిలో పాలకూరను కాడల వైపు ముందు ముంచి, మొత్తం ముప్పావు నిమిషం మరుగునీళ్లలో ఉంచి, చల్లటి నీళ్లలో వేసి, ముద్దగా పట్టి గట్టిగా పిండాలి. ఈ కూర చెడిందంటే నూటికి తొంభైసార్లు పిండడంలో బద్ధకమే. తినబోయే ముందే కలపండి.

రెండోది గుమ్మడికాయ. మసాలా లేని కూరల్లో వేసే వరసకు జపాన్ ఇళ్లలో గుణింతం లాంటి గుర్తు ఒకటుంది: స, షి, సు, సె, సొ. స అంటే చక్కెర, షి అంటే ఉప్పు, సు అంటే వెనిగర్, సె అంటే సోయా సాస్, చివరి సొ అంటే మిసో. ఉప్పు తొందరగా ముక్కలోకి పోతుంది, చక్కెరకు సమయం పడుతుంది. ముందే సోయా సాస్ పోస్తే తీపి లోపలికి దిగదు. 400 గ్రాముల ముక్కలను తొక్క కిందికి ఉండేలా ఒకే వరసలో పేర్చి, 150 మిల్లీలీటర్ల దాషీ, పెద్ద చెంచా చక్కెర వేసి అయిదు నిమిషాలు, తర్వాత పెద్ద చెంచా సోయా సాస్ పోసి మరో ఏడెనిమిది నిమిషాలు. మన గుమ్మడికాయలో నీరు ఎక్కువ, అందుకే దాషీ తక్కువ చెప్పాం. ముక్కలకు తగిలేలా గిన్నె లోపలే చిన్న పళ్లెం బోర్లించండి, గంటె పెట్టి కలపొద్దు.

దాషీ తీసిన కొంబును పారేయకండి. సన్నగా తరిగి, అర గ్లాసు నీళ్లు, పెద్ద చెంచా సోయా సాస్, చిన్న చెంచా చక్కెర, చిన్న చెంచా వెనిగర్‌తో 20 నిమిషాలు సిమ్‌లో ఇగరనిచ్చి, పైన నువ్వులు చల్లండి. వెనిగర్ లేకపోతే నాచు తోలులా సాగుతుంది. వారం పాటు ఫ్రిజ్‌లో ఉంటుంది, తొక్కు వేసుకున్నట్టు వేడి అన్నం పక్కన కొంచెమే వేసుకోవాలి.