మళ్లీ మార్చిన తుంటి కీలు: కొలత ఎక్స్‌రేకు వెళ్లేముందు జాగ్రత్తలు

నాన్నగారికి తుంటి కీలు రెండోసారి మార్చాక, ఇంప్లాంట్ కదిలిందేమో చూసే ఎక్స్‌రేకు ప్రతిసారీ నేనే తీసుకెళ్తున్నాను. బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

– ఆపరేషన్ అవగానే తీసిన మొదటి ఫిల్మ్. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. స్టెమ్ (తొడ ఎముక లోపల దింపిన ఇంప్లాంట్ కాడ) కిందికి దిగిందా అన్నది దీనితో పోల్చే చెబుతారు. ఒకసారి మర్చిపోయి అమీర్‌పేట దాకా వెళ్లి, మళ్లీ కూకట్‌పల్లికి పరుగెత్తాను. సీడీ కూడా పెట్టుకోండి. వాట్సాప్ ఫొటో మీద మిల్లీమీటర్లు కొలవలేరు.

– వీలైతే అదే సెంటర్, అదే పొజిషన్. కాలు తిరిగిన తీరు మారితే కదలని స్టెమ్ కూడా కదిలినట్టు కనిపించవచ్చు. పాదాలు సుమారు 15 డిగ్రీలు లోపలికి, బొటనవేళ్లు దగ్గరకు వచ్చేలా పెట్టమంటారు. నొప్పి పుడితే వెంటనే చెప్పాలి, బలవంతంగా తిప్పనివ్వకండి. ఫిల్మ్ మీద అసలు సైజు లెక్కగట్టడానికి పక్కన లోహపు గోళీ పెడితే కదపకండి.

– మొలతాడు తాయత్తు, జేబులో తాళాలు తీసేయాలి.

– లేచి వేసే మొదటి రెండడుగుల్లో తొడ నొప్పి, జ్వరం, కుట్ల దగ్గర చెమ్మ ఉంటే రాసుకెళ్లండి. ఫిల్మ్ బాగున్నా డాక్టరుకు తెలియాలి.

– ఆటో వద్దు, మన గుంతల్లో అసలే వద్దు. సీటు ఎత్తుగా ఉన్న కారు చూడండి.