ఆస్కార్, అరోవానాలకు తొట్టె ఎంత ఉండాలి, తోడుగా ఏ చేపలు ఉండాలి

పర్లాకిమిడి నుంచి బరంపురం వెళ్లి నేను మొదటిసారి ఆస్కార్ అనే పెంపుడు చేప పిల్లను తెచ్చినప్పుడు అది నా బొటనవేలంత ఉంది. తొట్టె ఎంతుంటే చేప అంతే పెరుగుతుందని దుకాణదారు ధీమాగా చెప్పాడు. ఏడాది తిరగకముందే అది నా అరచేతిని దాటిపోయింది; రెండడుగుల తొట్టెలో వెనక్కి మళ్లాలంటే దాని తోక గాజుకు రాసుకునేది. ఇరుకు తొట్టెలో చేప ఎదుగుదల తగ్గితే దానికి కారణం సర్దుబాటు కాదు, మురికి నీటిలో గిడసబారిపోవడం.

అందువల్ల కొనే రోజున పిల్ల ఎంత ఉందో కాక, పెరిగాక ఎంతవుతుందో చూసుకోవాలి. ఆస్కార్ సుమారు అడుగు పొడవు, సిల్వర్ అరోవానా మూడడుగుల వరకు పెరుగుతాయి. పిల్లగా ముచ్చటగొలిపే రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్, ‘షార్క్’ పేరుతో అమ్మే పంగాసియస్ మీటరు దాటగలవు కాబట్టి, ఇంట్లో పెంచే ఆలోచనే మానుకోవడం మంచిదని నా అభిప్రాయం.

లీటర్ల లెక్కకంటే ముందు చూడవలసింది తొట్టె వెడల్పు, అంటే ముందు గాజు నుంచి వెనుక గాజుకు ఉన్న దూరం. అది ఎదిగిన చేప పొడవుకంటే తక్కువైతే చేప హాయిగా మళ్లలేదు. ఒక్క ఆస్కార్‌కు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు కనీసం అవసరం. అడుగుల్లో ఈ మూడింటినీ గుణించి వచ్చినదాన్ని 28తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. ఈ తొట్టెలో సుమారు 250 లీటర్లు పడతాయి. జత ఆస్కార్లకు, వాటి తోటి చేపలకు 6×2×2 అడుగుల తొట్టె కావాలి. అందులో నీరు ఒక్కటే దాదాపు 670 కిలోలుంటుంది కనుక, దాన్ని మేడమీద గదిలో కాక కింది అంతస్తులో, చదునైన నేల మీద, గట్టి ఇనుప స్టాండుపై నిలపాలి. అరోవానాకు ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉండాలి. అది నీటిపైకి ఎగిరి దూకే చేప కాబట్టి బరువైన మూత తప్పనిసరి.

తోడు చేపల విషయంలో నేను మొదట చూసేది నోరు. నోట్లో పట్టే ప్రతిదాన్నీ ఆస్కార్ మేతగానే చూస్తుంది. గప్పీలు, నియాన్ టెట్రాలు తెల్లవారేసరికి ఉండవు. వెడల్పాటి, పలుచని శరీరం ఉండి మింగుడుపడని సిల్వర్ డాలర్లు ఐదారింటిని గుంపుగా వేస్తే బాగా కుదురుతుంది. చిన్న ముళ్ల క్యాట్‌ఫిష్‌ను మాత్రం వేయకూడదు, ఎందుకంటే ఆస్కార్ దాన్ని మింగబోతే ముళ్లు విచ్చుకుని గొంతులో ఇరుక్కుంటాయి. అడుగున తిరిగే సకర్ ఫిష్ తొట్టెను శుభ్రం చేస్తుందని చెప్పి అమ్ముతారు గానీ, అదే అడుగున్నర వరకు పెరిగి బోలెడంత మలం వేస్తుంది, ఒక్కోసారి పక్క చేపల ఒంటి జిగురును కూడా గీరి తింటుంది. పోట్లాడే స్వభావమున్న ఫ్లవర్‌హార్న్ చేపకు తోడు వద్దు. దాన్ని ఒంటరిగానే ఉంచాలి. కొత్త చేపను వేసే రోజున లోపలి రాళ్ల అమరిక మారిస్తే, పాత చేప తన హద్దు ఏదో తేల్చుకోలేక కొంతసేపు పోట్లాట తగ్గిస్తుంది.

పెద్ద చేపలు వేసే మలం నుంచి, మొప్పల నుంచి వెలువడే, చేపలకు విషమైన అమోనియాను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు కొత్త ఫిల్టర్‌లో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా వారానికోసారి నీటిలో మూడో వంతు మార్చాలి. కోరాపుట్ వంటి ఎత్తైన చోట్ల చలికాలంలో లీటరుకు ఒక వాట్ లెక్కన హీటర్ పెట్టి, నీటిని 25 డిగ్రీల దగ్గర నిలపాలి.

చేప తొట్టెకు మించి పెరిగిపోతే దాన్ని మహేంద్రతనయలోనో వంశధారలోనో వదలకూడదు. పెద్ద తొట్టె ఉన్నవారికి ఇచ్చేయాలి.

మన వైపు తుపాన్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి కరెంటు పోయినప్పుడు, ఆస్కార్ నీటి పైకి వచ్చి నోరు తెరిచి గాలి పీల్చుకోవడం చూసి, చెంబుతో నీళ్లు తీసి మూరెడు ఎత్తు నుంచి మళ్లీ తొట్టెలోకే పోస్తూ వంతులవారీగా రాత్రంతా కూర్చున్నాం. అప్పటి నుంచి అక్టోబరు రాకముందే బ్యాటరీతో నడిచే గాలి పంపును సిద్ధం చేసుకుంటున్నాను. కరెంటు వచ్చేదాకా మేత వేయను.