వైరే యాంటెన్నా – 4వ పాఠం: ఫెరైట్ క్లిప్పు ఎక్కడ, ఎన్ని చుట్లు?

మన పంపుసెట్టు బాక్సు వైర్లు యాంటెన్నాల్లా మారి రేడియో అలజడిని బయటికి చిమ్ముతాయి. దాన్ని అడ్డుకోవడానికి వైరు చుట్టూ మూసే అయస్కాంత పింగాణీ ముక్కే ఫెరైట్ క్లిప్పు. పోయిన పాఠం చదివి గుణుపూర్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. “అన్నా, మూడు ఫెరైట్ క్లిప్పులు కొని వరసగా తగిలించాను. రీడింగు కదల్లేదు. నకిలీ సరుకంటావా?” ఎక్కడ తగిలించావని అడిగితే, వైరు చివర సెన్సారు పక్కన అన్నాడు. సరుకు మంచిదే. చోటే తప్పు.

నవ్వే హక్కు నాకు లేదు. మొదటిసారి ఈ అలజడిని కొలిచే టెస్టు ల్యాబుకు వెళ్లినప్పుడు నేనూ సంచీ నిండా క్లిప్పులు పట్టుకెళ్లాను. అక్కడ గంట లెక్కన డబ్బు. టెన్షన్‌లో కనిపించిన ప్రతి వైరుకూ తగిలించాను. రెండు గంటలు పోయాయి, పర్లాకిమిడికి తిరుగు బస్సూ పోయింది. గ్రాఫులో ఆ కొమ్ము (ఒక పౌనఃపున్యం దగ్గర నిటారుగా లేచిన అలజడి గీత) మాత్రం అలాగే నిలబడి ఉంది.

ముందు వైరులో ఏం పారుతోందో చూద్దాం. మామూలు రోజున పర్లాకిమిడి–టెక్కలి రోడ్డు మీద ఎన్ని బళ్లు వెళ్తాయో దాదాపు అన్నీ తిరిగొస్తాయి. రెండు తీగల వైరులో కరెంటూ అంతే. ఒక తీగలో వెళ్లింది రెండో తీగలో తిరిగొస్తుంది. రెండింటి అయస్కాంత క్షేత్రాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి ఫెరైట్‌కు అది కనబడదు. రథయాత్ర రోజు అలా కాదు. జనమంతా ఒకే దిక్కుకు వస్తారు, ఇంటికి ఏ గట్ల మీదుగా పోతారో తెలియదు. అలాగే రెండు తీగల్లోనూ ఒకే దిక్కుకు పారి, గాలి గుండా తిరుగుదారి వెతుక్కునే కరెంటును కామన్ మోడ్ అంటారు. వైరును యాంటెన్నా చేసేది ఇదే, ఫెరైట్ అడ్డుకునేదీ దీన్నే. అందుకే క్లిప్పులోంచి తీగలన్నీ కలిసి వెళ్లాలి. ఒక్క పాజిటివ్ తీగనే దూర్చారా, మోటారు కరెంటుకు ఫెరైట్ నిండిపోయి ఉత్త రాయిలా కూర్చుంటుంది.

ఆ కరెంటు ఎంత చిన్నదో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక మీటరు వైరులో 50 మెగాహెర్ట్జ్ దగ్గర 5 మైక్రోఆంపియర్లు పారితే చాలు, 3 మీటర్ల దూరంలో క్షేత్రం మీటరుకు సుమారు 100 మైక్రోవోల్టులు, అంటే 40 డెసిబెల్ మైక్రోవోల్టులు అవుతుంది. ఇళ్లలో వాడే మల్టీమీడియా పరికరాలకు సిస్పర్ 32 (రేడియో అలజడి మీద అంతర్జాతీయ ప్రమాణం) పెట్టిన క్లాస్ బి హద్దు 30 నుంచి 230 మెగాహెర్ట్జ్ వరకు, 3 మీటర్ల దగ్గర, సరిగ్గా ఇంతే. మన పంపుసెట్టు బాక్సుకు వేరే ప్రమాణం వర్తించినా, అంచనాకు ఈ అంకె పనికొస్తుంది.

ఇక పని. రెండో పాఠంలో చేసిన ప్రోబు తీయండి (పాత క్లిప్పుకు ఐదు చుట్లు ఎనామిల్ తీగ, అక్కణ్ణుంచి కోయాక్స్, అంటే టీవీ కేబుల్ లాంటి వైరు మీదుగా ఎస్‌డీఆర్ డాంగిల్, అంటే కంప్యూటరుకు తగిలించే చిన్న రేడియో రిసీవరు). సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేటిక్ గెయిన్ ఆపేసి ఒక అంకె దగ్గర కట్టేయండి. లేకపోతే సిగ్నల్ తగ్గినప్పుడల్లా డాంగిలే దాన్ని పెంచి చూపిస్తుంది, మీరు బుర్ర బద్దలు కొట్టుకుంటారు. బాక్సు ఆన్ చేసి వైర్లను ఒక్కొక్కటిగా పీకి చూడండి. ఏ వైరు పీకితే కొమ్ము పడిపోతుందో అదే దొంగ. క్లిప్పు కొనడానికి ముందు చేయాల్సిన పని ఇదే అయినా, అందరూ ఆఖర్న చేస్తారు.

నా బాక్సులో 24 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ (చిప్పుకు గడియారంలా టిక్కు కొట్టే ముక్క) ఉంది, కొమ్ము దానికి రెట్టింపు 48 దగ్గర. దొంగ, మీటరున్నర సెన్సారు వైరు. 48 మెగాహెర్ట్జ్ తరంగంలో పావు వంతు సుమారు 1.56 మీటర్లు. అంటే వైరు దాదాపు పావు తరంగం పొడవుంది. గాలిలో వేలాడే చివర కరెంటు సున్నా, బాక్సు దగ్గర అత్యధికం. ప్రోబును వైరు పొడవునా మెల్లగా జరిపితే ఇది కళ్లకు కడుతుంది. పారని నీటికి అడ్డుకట్ట వేసి లాభం లేదు, తమ్ముడు చేసింది అదే. క్లిప్పు బాక్సు గోడను ఆనుకుని ఉండాలి.

చోటు కుదిరాక లెక్క. వైరు దారిలో ముందునుంచే ఉన్న అడ్డును 150 ఓములనుకుందాం. ల్యాబుల్లోనూ ఈ అంకెను వాడుతుంటారు. క్యాటలాగులు సాధారణంగా 25, 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఫెరైట్ అడ్డు ఎంతో ఇస్తాయి, మధ్యలో మన పౌనఃపున్యానికి 150 ఓములని అంచనా వేద్దాం. ఒక క్లిప్పు పెడితే మొత్తం 300, కరెంటు సగం, అంటే 6 డెసిబెల్ తగ్గింది. పక్కనే ఇంకొకటి పెడితే మొత్తం తగ్గింపు 9.5. మూడోది పెడితే 12. మూడు క్లిప్పుల డబ్బు పెట్టి, మొదటిదాని మీద అదనంగా పొందింది ఆరే.

అదే ఒక్క క్లిప్పులోంచి వైరును రెండుసార్లు తిప్పితే? అడ్డు చుట్ల వర్గంతో పెరుగుతుంది. రెండు చుట్లకు నాలుగింతలు, 600 ఓములు. మొత్తం 750, కరెంటు అయిదో వంతు, 14 డెసిబెల్. మూడు క్లిప్పుల్ని ఒక్కటే ఓడించింది! అందుకే లావు వైరుకు బిగుతుగా పట్టేది కాక, రెండు చుట్లు పట్టేంత బొక్క ఉన్నదే కొంటాను నేను. చుట్లు లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్త. బొక్కలోంచి ఒకసారి దూరితేనే ఒక చుట్టు. బయట ఒక మెలిక తిప్పి మళ్లీ దూరిస్తే రెండు.

అలాగని అయిదారు చుట్లు చుట్టేయకండి. చుట్టుకూ చుట్టుకూ మధ్య కెపాసిటెన్స్ పెరిగి, పై పౌనఃపున్యాల్లో కరెంటు ఫెరైట్‌ను తప్పించుకుని అడ్డదారిన పోతుంది. 48 దగ్గర లాభమొచ్చి 300 దగ్గర నష్టం రావచ్చు. లోపలికెళ్లే వైరు, బయటికొచ్చే వైరు ఒకదాన్నొకటి రాసుకోకుండా ఎడంగా ఉంచండి.

మూత టక్కుమని పడిందా చూసుకోండి. రెండు ముక్కల మధ్య సన్నటి సందున్నా, దుమ్మున్నా అడ్డు బాగా పడిపోతుంది. కింద పడి పెచ్చు ఊడిన క్లిప్పును నేను వాడను.

ల్యాబులో ఇంకో ఫెరైట్ క్లాంపు కనబడుతుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. అది మందు కాదు, థర్మామీటరు. సన్నటి పొడుగు పెట్టె, లోపల ఫెరైట్ రింగుల వరస, పరికరం వైపు కొసన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్. గృహోపకరణాల వైరులోంచి 30 నుంచి 300 మెగాహెర్ట్జ్ మధ్య ఎంత శక్తి బయటికొస్తోందో దానితో కొలుస్తారు. వైరు వెంట జరుపుతూ గరిష్ఠం ఎక్కడుందో వెతుకుతారు. 30 మెగాహెర్ట్జ్ దగ్గర సగం తరంగం 5 మీటర్లు కాబట్టి అంత దూరమూ జరపాలి. మీరు ప్రోబుతో చేసిన పనే, కాస్త ఖరీదుగా.

ఈ వారం ఇంటిపని. ఒకే క్లిప్పు, ఒకే వైరు. ముందు క్లిప్పు లేకుండా. ఆపైన బాక్సు దగ్గర (ప్రోబు పట్టేంత సందు వదిలి), మధ్యలో, చివర ఒక్కో చుట్టుతో. తర్వాత బాక్సు దగ్గర రెండు చుట్లతో. ప్రోబును మాత్రం ప్రతిసారీ ఒకేచోట, బాక్సుకూ క్లిప్పుకూ మధ్య ఉంచి అయిదు రీడింగులు రాయండి. రెండు చుట్లకు లెక్కప్రకారం 14 రాకుండా 8 మాత్రమే వస్తే కొట్టేయకుండా ఉన్నదున్నట్టు రాసి, అడాప్టరు వైరు మీద కూడా ప్రోబు పెట్టి చూడండి. కరెంటు అటు మళ్లి ఉండొచ్చు. అయిదో పాఠం ఆ అడాప్టరు వైరుతోనే మొదలవుతుంది.