గెడ్డ నీళ్ళు తాగారా? ఆ మాట డాక్టరుకి చెప్పండి

గుణుపూర్ వైపు జీడితోట పనికి వెళ్ళొచ్చిన కుర్రాడొకడు మూడు వారాలు రక్తం ఉమ్మాడు. జ్వరం లేదు, తిండి తగ్గలేదు, ఒళ్ళు చిక్కలేదు. ఇంట్లోవాళ్ళు వేడి చేసిందన్నారు, సబ్జా నీళ్ళు పట్టారు. ఆర్‌ఎంపీ రక్తం కట్టే బిళ్ళలిచ్చాడు. తర్వాత టీబీ అనుమానం. కళ్ళె పరీక్షలో ఏమీ తేలలేదు, ఎక్స్‌రే బాగానే ఉంది. ఆఖరికి చెవి, ముక్కు, గొంతు డాక్టరు కెమెరా గొట్టం పెట్టి చూస్తే నాలుక మొదలు వెనకాల బతికున్న జలగ! ఇన్నాళ్ళలో ఏ నీళ్ళు తాగావని వాణ్ణి ఒక్కరూ అడగలేదు. వాడూ చెప్పలేదు.

పాతపట్నం, పర్లాకిమిడి మొదలు రాయగడ, కొరాపుట్ దాకా కొండవార ఉండేవాళ్ళం అందరం ఎప్పుడో ఒకప్పుడు గెడ్డలో, అంటే కొండవాగులో, దోసిలి పట్టినవాళ్ళమే. కాచి తాగమని ఆశా కార్యకర్త ఎటూ చెబుతుంది. నేను చెప్పేది వేరు. రక్తం పడ్డాక ఆ నీళ్ళ మాట దాచొద్దు.

పొలంలో పిక్కకి పట్టే జలగ కాదిది. నీళ్ళలో పిల్లగా ఉన్నప్పుడు దారం ముక్కంత ఉంటుంది, కంటికి ఆనదు. దీనికి చర్మం పనికిరాదు, ముక్కులో గొంతులో ఉండే మెత్తటి పొర కావాలి. ఆసియాలో డైనోబ్డెల్లా ఫెరాక్స్ అనే రకం పశువులు, కుక్కలు, కోతుల ముక్కుల్లో కాపురముంటుంది. ఆవులు మూతి పెట్టే మడుగులో మనమూ మూతి పెడితే మనకీ పడుతుంది. కరిచినట్టు తెలియదు. దాని ఉమ్మి రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కాబట్టి గాయం చిన్నదైనా కారుతూనే ఉంటుంది. వారాల తరబడి అక్కడే ఉండి, తాగుతూ లావెక్కుతుంది. గెడ్డ పారడం మానేసి మడుగులు మిగిలే ఎండాకాలమే ఎక్కువ భయం. తొలకరి పడిందని ధీమా వద్దు, అప్పుడు తాగింది ఇప్పుడు బయటపడొచ్చు.

ఎలా పోల్చుకోవాలి? గొంతులో ఏదో అడ్డుపడి కదులుతున్నట్టుంటుంది, మింగినా పోదు. ఎర్రటి పచ్చి రక్తం ఒకరోజు పడి, రెండ్రోజులు ఆగి, మళ్ళీ పడుతుంది. ముక్కులో ఉంటే ఒకే రంధ్రం నుంచి కారుతుంది. గొంతు బొంగురుపోవచ్చు, పొడి దగ్గు రావచ్చు. మనిషి మాత్రం మిగతా అన్నివిధాలా దుక్కలా ఉంటాడు, అందుకే ఎవరూ పట్టించుకోరు. పిల్లలైతే చెప్పలేరు, ఊరికే పాలిపోతారు.

అరుదైన జబ్బే. రక్తం పడిన ప్రతివాడి గొంతులో జలగ ఉండదు. రెండు వారాలు దాటిన దగ్గుకి కళ్ళె పరీక్ష మానకండి, మన జిల్లాల్లో టీబీ తక్కువేం కాదు. ఆ పరీక్షలో ఏమీ లేదన్నాక ఇంటికి వచ్చేయడమే తప్పు. నెల కిందటి నీళ్ళయినా సరే, ఏ గెడ్డలో, ఏ మడుగులో తాగారో చెప్పండి. డాక్టరు అడగడు. పట్నం డాక్టరుకైతే ఆ ఊహే రాదు. మీరే చెప్పాలి.

చేత్తో పీకొద్దు. సగం తెగి లోపల మిగిలితే గాయం పుండవుతుంది, జారి ఊపిరిగొట్టంలో పడితే ప్రాణం మీదికొస్తుంది.

ఉప్పు, పొగాకు నీళ్ళు, కిరసనాయిలు, ఏదీ గొంతులో పోయొద్దు. కాలి మీది జలగకి ఉప్పు వేసే పద్ధతి గొంతుకి పనికిరాదు.

ఊపిరి ఈలలా వినబడినా, మాట పోయినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

కెమెరా గొట్టం, మత్తు ఇచ్చే డాక్టరు ఉన్నచోటికే వెళ్ళండి. ఒడిశా వైపువాళ్ళకి బరంపురం, కొరాపుట్ మెడికల్ కాలేజీలు, ఇటు శ్రీకాకుళం, విశాఖ. తిమ్మిరి మందు కొట్టి పట్టకారుతో తీస్తారు. స్వరపేటిక దగ్గరుంటే పూర్తి మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

ఒకటి తీశారని లేచి వచ్చేయొద్దు. రెండోది ఉందేమో చూడమనండి.

రక్తం ఎంతుందో పరీక్ష చేయించుకోండి.

పనికి వెళ్ళేటప్పుడు సీసా నిండా ఇంటి నీళ్ళు. అయిపోతే గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టి, కాచి. చీకట్లో దోసిలితో తాగొద్దు. గెడ్డలో పళ్ళు తోముకుని పుక్కిలించొద్దు. మడుగులో మునకలొద్దు, పిల్లల్ని అసలు దించొద్దు.

ఆవు ముక్కునుంచి రక్తం కారుతోందా? అది తాగే రేవుకి ఆ రోజునుంచి మనుషులు వెళ్ళొద్దు. పశువుల డాక్టరుకి చూపించండి.

మీతోపాటు అక్కడే తాగినవాళ్ళకి కబురు పెట్టండి. వాళ్ళూ ఉమ్ముతున్నారేమో, సిగ్గుపడి చెప్పడం లేదేమో.