జాతి పేర్లు, తిట్టు మాటలు: నిన్నటి మర్యాద ఇవాళ తప్పయినప్పుడు (సమస్య - పరిష్కారం)

మనుషులను జాతిని బట్టి, రంగును బట్టి, శరీరాన్ని బట్టి పిలిచే మాటలు ఒక్కచోట నిలవవు. అందుకే చాలామంది ఒక జాబితా కోరుకుంటారు: ఈ మాటలు వాడవచ్చు, ఈ మాటలు వాడకూడదు అని తేల్చి చెప్పేది. అలాంటి జాబితాలు త్వరగా పాతబడతాయి, పైగా ఒక దేశంలో తయారైనది ఇంకో దేశంలో చెల్లదు. ఇబ్బంది వచ్చినప్పుడు ముందుగా ఏది మారిందో తెలుసుకోవాలి. మాట పాతబడిందా, చోటు మారిందా, పలికే నోరు మారిందా, లేక మాట అదే ఉండి దాని వెనకనున్న చులకన ఇప్పుడు బయటపడిందా? పైకి ఒకేలా కనిపించే అభ్యంతరాలకు కారణాలు వేరు వేరుగా ఉంటాయి కనుక, కారణం తేలకుండా పదం మార్చినంత మాత్రాన పని జరగదు.

సమస్య: పెద్దలు గౌరవంగానే వాడిన పదాన్ని వాడితే తప్పంటున్నారు

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 'నీగ్రో'. తెలుగు పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ దశాబ్దాల పాటు ఈ పదం ఏ దురుద్దేశమూ లేకుండానే కనిపించింది. అమెరికాలో కూడా ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఇది మర్యాద పదమే. దానిని పెద్ద అక్షరంతో మొదలుపెట్టి రాయాలని నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ వంటి వారు పట్టుబట్టగా, న్యూయార్క్ టైమ్స్ పత్రిక 1930లో అందుకు అంగీకరించింది. 1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో లక్షల మంది ముందు మాట్లాడిన మార్టిన్ లూథర్ కింగ్ తన ప్రజలను ఈ పేరుతోనే పిలిచారు.

కారణం: పదంలో ఒక్క అక్షరం మారలేదు, కానీ ఆ పేరుతో పిలిపించుకున్న కాలాన్ని తర్వాతి తరం తిరస్కరించింది. 1966లో ఉద్యమ నాయకుడు స్టోక్లీ కార్మైకేల్ 'బ్లాక్ పవర్' నినాదాన్ని జనంలోకి తెచ్చినప్పటి నుంచి, అంతకు ముందు ఎవరినైనా అలా పిలిస్తే గొడవపడేటంత కటువుగా ఉన్న 'బ్లాక్' అన్న మాట ఆత్మగౌరవానికి గుర్తయింది. 'నీగ్రో' మాత్రం వేరు బడులు, వేరు బస్సు సీట్లు ఉన్న రోజులకు అంటుకుని అక్కడే ఉండిపోయింది. 1988లో నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్ 'ఆఫ్రికన్ అమెరికన్' అన్న పేరును గట్టిగా ప్రచారం చేశారు. ప్రభుత్వ కాగితాలు ఎప్పటిలాగే వెనకబడ్డాయి. 2010 జనాభా లెక్కల పత్రంలో ఆ పాత పదం ఇంకా ఉంది. దానిని తొలగిస్తామని జనగణన సంస్థ ప్రకటించింది 2013లో. సమాఖ్య చట్టాల్లో మిగిలిన చోట్ల నుంచి తీసివేస్తూ చట్టం వచ్చింది 2016లో.

పరిష్కారం: సొంత వాక్యంలో 'నల్లజాతీయులు' అని రాయడం సరిపోతుంది. 'ఆఫ్రికన్ అమెరికన్' అన్నది అమెరికా పౌరులకే వర్తిస్తుంది కాబట్టి, లండన్‌లో ఉండే నైజీరియా సంతతి వారికి ఆ పేరు పెట్టడం మర్యాద అనిపించినా తప్పే అవుతుంది. పాత రచన నుంచి ఉటంకించేటప్పుడు పదాన్ని దిద్దవద్దు. కొటేషన్ గుర్తుల మధ్య ఉంచి, పక్కన సంవత్సరం రాయాలి. సంస్థల పేర్ల విషయమూ అంతే. 1909లో పుట్టిన నేషనల్ అసోసియేషన్ ఫర్ ది అడ్వాన్స్‌మెంట్ ఆఫ్ కలర్డ్ పీపుల్ 'కలర్డ్' (రంగువారు) అన్న పాత మాట ఉన్న తన పేరును ఇప్పటికీ మార్చుకోలేదు. దాని పేరును మనం సరిదిద్దనక్కరలేదు.

తెలుగులో రాసేవారు ఇంకొక సంగతి గమనించాలి. మన భాషలో మర్యాద చాలావరకు పదం చివర ఉంటుంది. 'నల్లజాతీయుడైన ఆయన' అన్న వాక్యానికీ 'ఆ నల్లోడు' అన్న వాక్యానికీ ఉన్న తేడా రంగులో లేదు, చివరనున్న 'ఓడు'లోనూ ముందున్న 'ఆ'లోనూ ఉంది. పేరు మార్చి 'వాడు, వీడు' అలాగే ఉంచేస్తే చేసిన దిద్దుబాటు సగమే.

సమస్య: ఒక దేశంలో మామూలు మాట ఇంకో దేశంలో తిట్టయింది

'కలర్డ్' అన్న పదాన్ని అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఒక మనిషి గురించి వాడితే వినేవారు ముఖం చిట్లిస్తారు. దక్షిణాఫ్రికాలో అదే పదం జనాభా లెక్కల్లో మిశ్రమ మూలాలున్న ఒక వర్గం పేరు. లక్షలాది మంది తమను తాము నేటికీ అలాగే చెప్పుకుంటారు. అక్కడ 1950లో వచ్చిన జనాభా నమోదు చట్టం ప్రజలను బలవంతంగా వర్గాలుగా విడదీసి ముద్ర వేసింది. 1991లో చట్టం రద్దయింది, కానీ నాలుగు దశాబ్దాలు ఆ ముద్ర కింద బతికిన వారికి ఒక ఉమ్మడి జీవితం ఏర్పడింది, దానికో పేరు కావలసి వచ్చింది. ఆ పేరును ఒప్పుకోని వారూ వారిలో ఉన్నారు.

బాధ లేని ఉదాహరణ కావాలంటే 'ఏషియన్' చూడండి. బ్రిటన్‌లో ఆ మాట వినగానే భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్న వారు గుర్తుకొస్తారు. అమెరికాలో ముందుగా చైనా, జపాన్, కొరియా మూలాల వారు గుర్తుకొస్తారు. ఒక దేశపు వార్తను అనువదించి ఇంకో దేశపు పాఠకులకు ఇచ్చేటప్పుడు ఇక్కడే పొరపాట్లు దొర్లుతాయి.

పరిష్కారం: పదాన్ని ఆ దేశంలో, ఆ ప్రజలు ఎలా వాడుకుంటున్నారో చూడాలి. గుడ్డిగా పాతదాని బదులు కొత్తది పెట్టడం కూడా ప్రమాదమే. మన పాఠ్యపుస్తకాల్లో మంచు ఇళ్ల బొమ్మ పక్కన కనిపించిన 'ఎస్కిమో' అనేది బయటివారు పెట్టిన పేరు. 1977లో అలాస్కాలోని బారోలో వివిధ దేశాల ఆర్కిటిక్ ప్రజలు సమావేశమైన నాటి నుంచి 'ఇన్యూట్' అన్న సొంత పేరు ప్రపంచానికి బాగా పరిచయమైంది. అంతమాత్రాన ఎస్కిమో కనిపించిన ప్రతిచోటా ఇన్యూట్ అని దిద్దితే, అలాస్కాలోని యూపిక్ ప్రజలకు వారిది కాని పేరు అంటగట్టినట్టవుతుంది. యూపిక్‌లు ఇన్యూట్‌లు కారు.

సమస్య: వాళ్లలో వాళ్లు అనుకునే మాటే మేమంటే ఎందుకు గొడవ?

ఈ ప్రశ్న అడిగేవారిలో కొందరికి నిజంగానే అర్థం కాదు, కొందరికి అర్థమయ్యే అడుగుతారు. ఇద్దరికీ జవాబు ఒకటే.

కారణం: తిట్టు బలం దాని శబ్దంలో ఉండదు, ఎవరు ఎవరిని అన్నారన్న దానిలో ఉంటుంది. దెబ్బ తిన్నవారు ఆ మాటనే తమలో తాము వాడుకున్నప్పుడు, దానిని వాడే హక్కు ఎదుటివారి చేతిలోంచి లాక్కుంటున్నారన్నమాట. అమెరికాలోని నల్లజాతి యువకులు స్నేహితులను పిలుచుకునే ఒకానొక మాట, ఇంగ్లీషులో స్వలింగ సంపర్కులను ఒకప్పుడు అవమానించిన 'క్వీర్' అన్న మాట ఇలాంటివే. క్వీర్ ఇప్పుడు విశ్వవిద్యాలయ విభాగాల పేర్లలోకి కూడా చేరింది, అంటే ఆ మాట దాదాపుగా ఇల్లు మారింది. మొదటిది మారలేదు, మారే సూచనా లేదు. తమలో తాము వాడుకున్న ప్రతి తిట్టూ అందరి వాడుకలోకి మర్యాదగా వచ్చేస్తుందని అనుకోవడం సరికాదు.

ఆసియా మూలాల సంగీతకారులు కొందరు తమ కళ్లను ఎగతాళి చేసే మాటనే తమ బృందానికి పేరుగా పెట్టుకుంటే, అమెరికా ట్రేడ్‌మార్క్ కార్యాలయం అది కించపరిచే పేరని నమోదుకు నిరాకరించింది. 2017లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ నిరాకరణ భావప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమని తీర్పిచ్చింది. కోర్టు తేల్చింది ప్రభుత్వం ఏం చేయకూడదన్నది మాత్రమే. దారిన పోయే ఆసియా మనిషిని ఎవరైనా ఆ పేరుతో పిలవవచ్చని దాని అర్థం కాదు.

పరిష్కారం: బయటివారు వాడకపోవడమే. ఇందులో పెద్ద చర్చ లేదు. ఉటంకించక తప్పని చోట, అంటే సాక్ష్యంలోనో నిఘంటువులోనో, మాటను పూర్తిగా రాయవలసి రావచ్చు. మిగిలిన సందర్భాల్లో 'జాతిని దూషించే మాట' అంటే పాఠకుడికి అర్థమవుతుంది.

సమస్య: మర్యాదగా పెట్టిన కొత్త పేరు కూడా తిట్టయి కూర్చుంది

విసుగు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ఇంగ్లీషులో 'ఇడియట్', 'ఇంబెసైల్' ఒకప్పుడు వైద్యుల పదాలు. 'మోరన్' అనే మాటనైతే హెన్రీ గొడ్డార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1910లో గ్రీకు మూలం నుంచి పనిగట్టుకుని తయారుచేశారు. మూడూ బడిపిల్లల తిట్లయ్యాయి. వాటి స్థానంలో వచ్చిన 'మెంటల్ రిటార్డేషన్' కూడా అదే దారి పట్టడంతో, 2010లో అమెరికా సమాఖ్య చట్టాల నుంచి దానిని తొలగించవలసి వచ్చింది. బ్రిటన్‌లో మస్తిష్క పక్షవాతం ఉన్నవారి కోసం 1952లో ఏర్పడిన సంస్థ 'స్పాస్టిక్స్' అన్న మాటను గౌరవంగానే పేరులో పెట్టుకుంది. పిల్లలు దాన్ని ఎగతాళి మాటగా మార్చాక 1994లో 'స్కోప్' అని పేరు మార్చుకుంది. భాషాశాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ ఈ పరుగును ట్రెడ్‌మిల్‌తో పోల్చారు: ఎంత పరుగెత్తినా ఉన్నచోటే ఉంటాం.

కారణం: చులకన మనసులో ఉంటే కొత్త పేరుకు కూడా పాకుతుంది. ఇది నిజమే గానీ, ఈ మాట చెప్పి 'అయితే పేరు మార్చడం దండగ' అనేవారితో నేను ఏకీభవించను. పేర్లన్నీ ఒకే వేగంతో పాడవవు. వైద్యులో అధికారులో పైనుంచి పెట్టిన పేర్లు త్వరగా చెడతాయి; ఆ ప్రజలు తమకు తాము పెట్టుకున్నవి, లేదా మొదటి నుంచీ ఉన్న సొంత పేర్లు చాలాకాలం నిలుస్తాయి. 1971లో లండన్ దగ్గర జరిగిన తొలి ప్రపంచ రోమానీ మహాసభ 'జిప్సీ'ని కాదని 'రోమా'ను ఎంచుకుంది. అర్ధ శతాబ్దం దాటినా ఆ పేరు మర్యాద కోల్పోలేదు. ఉత్తర యూరప్ మూలవాసులకు 'లాప్' పోయి వచ్చిన 'సామి' కూడా అంతే.

కొన్నిసార్లు పేరు మార్చడం అంటే ఒక తప్పుడు సిద్ధాంతాన్ని వదిలించుకోవడం కూడా. 1866లో జాన్ లాంగ్‌డన్ డౌన్ అనే వైద్యుడు ఒక తరహా పిల్లల ముఖాలను చూసి, తన కాలపు జాతుల వర్గీకరణను ఆధారం చేసుకుని, వారికి 'మంగోలియన్' అని పేరు పెట్టారు. పుట్టుకతో వచ్చే ఒక స్థితికి ఒక జాతి ప్రజల పేరు అలా అంటుకుంది. 1961లో జన్యుశాస్త్రవేత్తల బృందమొకటి లాన్సెట్ పత్రికకు లేఖ రాసి ఆ పేరు మానాలని కోరింది. 1965లో మంగోలియా ప్రతినిధులు అభ్యంతరం చెప్పాక ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని విడిచిపెట్టింది. ఇప్పుడు మనం 'డౌన్ సిండ్రోమ్' అంటున్నాం.

పరిష్కారం: కొత్త పదం ఎప్పటికీ నిలుస్తుందని ఆశించకుండా, ఉన్నంతకాలం వాడాలి. దానికంటే ముందు, వాక్యంలో ఆ ముద్ర అవసరమా అని చూసుకోవాలి. దొంగతనం వార్తలో నిందితుడి జాతి రాయడం వల్ల పాఠకుడికి తెలిసేది ఏమీ లేనప్పుడు, ఎంత మర్యాదైన పదం వాడినా ఆ వాక్యం చెడ్డదే.

సమస్య: ఎవరికీ తిట్టుగా తోచదు, కానీ తిట్టే

'వంట చండాలంగా ఉంది' అనేవారిలో నూటికి తొంభై మందికి తాము ఒక కులం పేరుతో రుచిని తిడుతున్నామని తట్టదు. 'ఆటవిక న్యాయం', 'ఆటవికంగా ప్రవర్తించారు' అని రోజూ శీర్షికలు పెట్టేవారికి, అడవిలో ఉండేవారికి తమ న్యాయం తమకుందని గుర్తు రాదు. ఇంగ్లీషులోనూ ఇంతే. ధ్వంసం చేయడానికి 'వాండలిజం' అన్న పేరు ఫ్రెంచి విప్లవ కాలంలో, 455లో రోమ్‌ను దోచిన వాండల్ అనే జాతి పేరు మీద పుట్టింది. బానిసను సూచించే 'స్లేవ్' అన్న మాట స్లావ్ ప్రజల పేరు నుంచి వచ్చింది.

కారణం: వాడుకలో అరిగిపోయిన కొద్దీ మాట పుట్టుక కనబడదు. అయితే పుట్టుక ఒక్కటే చూసి ప్రతి మాటనూ నిషేధిస్తే భాషలో మిగిలేది తక్కువ. వాండల్‌లు జాతిగా ఈ రోజు లేరు, ఆ మాట ఎవరినీ గుచ్చదు. చండాలం అన్న మాట గుచ్చే మనుషులు ఇవాళ మన పక్కనే ఉన్నారు. నాకు తోచినంత వరకు పరీక్ష అదే: ఆ మాట వల్ల నొచ్చుకునే మనిషి ఇవాళ ఉన్నారా?

పరిష్కారం: వంట ఘోరంగా ఉందనో, నోట పెట్టలేకపోయామనో అనవచ్చు. ఆటవికం బదులు క్రూరం, అరాచకం అనే మాటలు ఉన్నాయి, అవి ఇంకా కచ్చితంగా చెబుతాయి కూడా. పదంలో ఏ దోషమూ లేకుండా వాక్య నిర్మాణంలోనే దెబ్బ దాగి ఉండే సందర్భాలు మరింత చిక్కు. 'నల్లగా ఉన్నా కళగా ఉంటుంది' అన్న మెచ్చుకోలులో ప్రతి మాటా మంచిదే. తప్పంతా ఆ 'ఉన్నా'లో ఉంది. దానికి మందు పదం మార్చడం కాదు, వాక్యంలో ఆ మొదటి సగం తీసేయడం.

సమస్య: తప్పు లేని మాటను పట్టుకుని, తప్పున్న దాన్ని వదిలేస్తున్నారు

చైనీస్ భాషలో మనం 'అదీ... అదీ...' అని నసిగినట్టుగా వాడే ఒక మాట ఇంగ్లీషులోని జాతి దూషణ లాగా వినిపిస్తుంది. 2020లో అమెరికాలో ఒక అధ్యాపకుడు పాఠంలో దానిని ఉదాహరణగా పలికినందుకు ఫిర్యాదులు వచ్చి, కొంతకాలం ఆ తరగతికి దూరంగా ఉండవలసి వచ్చింది. యంత్రాల వడపోతదీ ఇదే జబ్బు. 1996లో ఇంగ్లండ్‌లోని స్కన్‌థార్ప్ ఊరి పేరు మధ్యలో ఒక బూతు మాట అక్షరాలు ఉన్నాయని ఇంటర్నెట్ సేవల సంస్థ ఏఓఎల్ ఆ పట్టణవాసులను నమోదు కానివ్వలేదు. అదే వడపోత, అక్షరం మార్చి రాసిన అసలైన దూషణను దాటనిస్తుంది.

కారణం అక్షరాలను చూసి అర్థాన్ని చూడకపోవడం. యంత్రం పట్టినదాన్ని మనిషి చదివి తేల్చాలి, ఫిర్యాదు అందినప్పుడు పూర్తి వాక్యం తెప్పించుకోవాలి.

సమస్య: ఆ ప్రజల్లోనే ఏకాభిప్రాయం లేదు

లాటిన్ అమెరికా మూలాల వారికి లింగభేదం లేని పేరుగా 'లాటిన్‌ఎక్స్' అన్న మాట విద్యావంతుల్లో ప్రచారమైంది. 2020లో ప్యూ పరిశోధన సంస్థ ప్రకటించిన సర్వే ప్రకారం, అమెరికాలోని ఆ వర్గం వయోజనుల్లో ఆ పదం విన్నవారు 23 శాతం, తమకు వాడుకుంటున్నవారు 3 శాతం. 'నేటివ్ అమెరికన్', 'అమెరికన్ ఇండియన్' అన్న రెండు పేర్లలో ఏది సరైనదో కూడా ఆ ప్రజలు ఇంకా తేల్చుకోలేదు. తెలుగులో ఇంకా కనిపించే 'రెడ్ ఇండియన్' మాత్రం ఇద్దరికీ పనికిరానిది.

కారణం: లక్షల మందికి కలిపి ఒకే పేరు పెట్టినది చాలాసార్లు బయటివారే. వారిలో వారికి అంత పెద్ద గొడుగు అవసరం పడలేదు.

పరిష్కారం: వీలైనంత చిన్న, కచ్చితమైన పేరు వాడాలి: నవాహో, చెరోకీ, మెక్సికో మూలాల కుటుంబం అని. ఎదురుగా మనిషి ఉంటే 'మిమ్మల్ని ఏమని రాయమంటారు?' అని అడగడం అన్నిటికంటే సులువు. ఒకవేళ అప్పటికే తప్పు మాట దొర్లి వారు సరిదిద్దితే, నా ఉద్దేశం అది కాదంటూ పది నిమిషాలు సంజాయిషీ చెప్పుకుంటే చివరికి వారే మనల్ని ఓదార్చవలసి వస్తుంది. 'క్షమించండి, ఇకపై మీరు చెప్పిన పేరే రాస్తాను' అని చెప్పి, తర్వాతి వాక్యంలోనే ఆ పేరు వాడి, అసలు విషయానికి వెళ్లిపోవాలి.